జీవిత సిమ్యులేషన్ గేమ్‌లో కార్లు, చేతిపనులు: అపోహలు - వాస్తవాలు

అపోహ: మంచి కారు మోడల్ చేసి రోడ్డు మీదికి వదిలితే చాలు.

వాస్తవం: ముందు తేల్చుకోవాల్సింది గడియారం. సిమ్స్ తరహా గేముల్లో, అంటే పాత్రల రోజువారీ బతుకును ఆడించే గేముల్లో, మన సెకను అక్కడ నిమిషం. బెంజ్ సర్కిల్ లాంటి కూడలికి 2 కిలోమీటర్ల దూరంలో ఆఫీసు పెట్టారనుకుందాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో 240 సెకన్లు పడుతుంది. గేమ్ లెక్కలో 4 గంటలు! తొమ్మిదింటి డ్యూటీకి పాత్ర తెల్లవారుజామున ఐదింటికే బయల్దేరాలి. దారిలోనే ఆకలేస్తుంది, నిద్రొస్తుంది. అందుకని ఊరినే కుదించాలి. 250 మీటర్లయితే అదే వేగంతో అరగంటలో చేరుతుంది. ఊరు పెద్దదే కావాలంటే కారును వీధి చివర మాయం చేసి, నిర్ణయించిన సమయం గడిచాక అవతల తేల్చాలి. 2005లో సిమ్స్ 2కి వచ్చిన నైట్‌లైఫ్ అనే అదనపు ప్యాక్‌లో కారెక్కి స్థలం దాటితే లోడింగ్ తెర వచ్చేది. 2009 నాటి సిమ్స్ 3లో ఊరంతా తెరిచే ఉంది కాబట్టి కార్లు వీధుల్లో కళ్లెదుటే తిరిగాయి.

అపోహ: అసలైన ఫిజిక్స్ పెడితేనే కారు సహజంగా ఉంటుంది.

వాస్తవం: ఇది రేసింగ్ గేమ్ కాదు. యూనిటీ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో ఫిజిక్స్ మామూలుగా 0.02 సెకన్లకోసారి లెక్క వేస్తుంది. ఆటగాడు గడియారం వేగాన్ని మూడింతలు చేస్తే ఆ లెక్కలూ మూడింతలవుతాయి. భారం తగ్గిద్దామని విరామాన్ని 0.06కి పెంచితే, 60 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ఒక్కో లెక్కకు మీటరు దూకుతుంది. ప్రహరీలోకి చొచ్చుకుపోయి ఎగిరిపడుతుంది. రోడ్డు వెంట గీసిన గీత మీద కారును జరపండి, చాలు. చక్రం వ్యాసం 60 సెంటీమీటర్లయితే ప్రతి 1.88 మీటర్లకు ఒక చుట్టు తిరగాలి. లేకపోతే జారుతున్నట్టు కనిపిస్తుంది.

అపోహ: కారు ఎంతుంటే పార్కింగ్ అంత చాలు.

వాస్తవం: 4 మీటర్ల కారుకు మీటరు గళ్లలో 2×4 కాదు, 4×5 కావాలి. రెండువైపులా తలుపులకు ఒక్కో గడి, డిక్కీ వెనక ఒక గడి. మన డ్రైవర్ కుడివైపు ఎక్కుతాడు. ఆ గడిలో పూలకుండీ పెడితే పాత్ర ఎక్కలేక నిలబడిపోతుంది కాబట్టి ఎడమ తలుపు నుంచి ఎక్కి జరిగే దారి కూడా ఇవ్వాలి.

అపోహ: చేతిపని అంటే ఒక యానిమేషన్, దాని పైన నిండే ఒక పట్టీ.

వాస్తవం: పట్టీ నిండుతున్నా చేతిలోని వస్తువు మారకపోతే అది చేతిపని అనిపించదు. కొండపల్లి బొమ్మనే తీసుకోండి. తెల్లపొణికి కర్రను ఆరబెట్టాలి, చెక్కాలి, విడిగా చేసిన చేతులను మక్కుతో అతకాలి (చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద), సున్నం పూయాలి, రంగులు వేయాలి. ప్రతి దశకూ వేరే రూపం ఉండాలి. మక్కు ఆరకముందే సున్నం పూస్తే చెయ్యి ఊడాలి. ఇలాంటి తప్పుల్లోనే పని రుచి తెలుస్తుంది, వాటిని తీసేయొద్దు. ఆరడాన్ని ప్రతి ఫ్రేములో లెక్కపెట్టక్కర్లేదు. అతికిన నిమిషాన్ని రాసి పెట్టుకుని, పాత్ర బొమ్మను మళ్లీ ముట్టుకున్నప్పుడు తేడా చూస్తే సరి. దశలకు 1, 2, 3 కాకుండా 10, 20, 30 అని నంబర్లివ్వండి. రేపు అప్‌డేట్‌లో మధ్యన ఇంకో దశ చేర్చినా పాత సేవ్‌లు చెడవు.

పాత కారు బాగుచేసే పనికైతే ఒక్క నంబరు చాలదు. ఆటోనగర్ షెడ్డులో ఒక తలుపు లప్పం దగ్గరుంటే ఇంకోటి ప్రైమర్ దాకా వస్తుంది, ముందు చక్రం కింద పడి ఉంటుంది. భాగం భాగానికీ దాని స్థితి రాయాలి. బండి కదులుతుందా లేదా అన్నది పాత్ర సీట్లో కూర్చున్నాక కాదు, దారి వెతికేటప్పుడే చూడాలి; లేదంటే మూడు చక్రాల కారులో డ్యూటీకి వెళ్లిపోతుంది.

ఇక స్పానర్. పని ముగింపు యానిమేషన్‌లో దాన్ని కింద పెట్టిస్తారు, బాగానే ఉంటుంది. ఫోన్ మోగి పని మధ్యలో రద్దయితే ఆ యానిమేషన్ ఆడదు, స్పానర్ చేతికే అతుక్కుని మంచం దాకా వస్తుంది. రద్దు జరిగినప్పుడు నడిచే కోడ్‌లో కూడా పనిముట్టును చేతి నుంచి విడదీయాలి.