లేఆఫ్ అంటే ఉద్యోగం పోవడం కాదట, చట్టంలో

మాదాపూర్ టీకొట్టు దగ్గర ఎవరైనా ‘లేఆఫ్ అయ్యాను’ అంటే ఉద్యోగం ఊడిందని అర్థం. చట్టంలో ఆ మాటకు అర్థం వేరు. ముడిసరుకు లేకో, కరెంటు లేకో, తయారైన సరుకు గోడౌన్‌లో పేరుకుపోయో యజమాని కొన్నాళ్లు పని ఇవ్వలేకపోతే, మస్టర్ రోల్లో, అంటే హాజరు పట్టీలో, పేరు తీయకుండా కార్మికుణ్ని ఆపి ఉంచడమే లేఆఫ్. పూర్తిగా తీసేస్తే దాని పేరు రిట్రెంచ్‌మెంట్.

1947లో పారిశ్రామిక వివాదాల చట్టం వచ్చినప్పుడు అందులో ఈ రెండింటికీ పరిహారం లేదు. 1953లో బట్టల మిల్లుల్లో స్టాకు అమ్ముడుపోక గుట్టలు పడింది, వేలమందిని ఆపేస్తారన్న భయం మొదలైంది, అప్పుడు హడావిడిగా అక్టోబర్‌లో ఆర్డినెన్స్, ఆ వెంటే సవరణ. యాభై మందికి తగ్గని ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసున్న పర్మినెంట్ కార్మికుడికి లేఆఫ్ రోజుల్లో బేసిక్, డీఏ కలిపి సగం ఇవ్వాలి. తీసేస్తే నెల నోటీసు, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం, పైగా చివర చేరినవాణ్నే ముందు తీయాలి. ఆ సగం జీతం కావాలంటే పని లేకపోయినా రోజూ ఓసారి గేటు దగ్గరికొచ్చి హాజరు వేయించుకోవాలి. విసుగే, కానీ గేటుతో సంబంధం తెగకుండా ఉంచింది అదేనని నాకనిపిస్తుంది.

తర్వాతి మలుపు 1976, ఎమర్జెన్సీ కాలం. యూనియన్ నాయకులు జైళ్లలో ఉండగానే, మూడొందలమంది, అంతకంటే ఎక్కువమంది ఉన్న ఫ్యాక్టరీలో మనుషుల్ని తీయాలన్నా, మూసేయాలన్నా ప్రభుత్వ అనుమతి తప్పనిసరి చేశారు. 1982 సవరణతో ఆ సంఖ్య వందకు దిగింది. కాగితం మీద ఇంతకంటే గట్టి రక్షణ ఉండదు. కానీ కాంట్రాక్టర్ తెచ్చిన మనిషిని తీయడానికి ఎవరు ఎవర్ని అనుమతి అడుగుతారు? జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో పనిచేసినవాళ్లకు దీని సంగతి చెప్పక్కర్లేదు. పర్మినెంట్ వాళ్లకైనా పక్కదారి ఒకటి ఉంది. తనంతట తాను తప్పుకున్నవాడు రిట్రెంచ్‌మెంట్ కిందికి రాడు. అందుకే వీఆర్ఎస్, అంటే కొంత డబ్బు తీసుకుని స్వచ్ఛందంగా రిటైరవడం. వరంగల్లో నిజాం కాలంలో, 1934లో పుట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడినప్పుడు కార్మికులు బయటికొచ్చింది ఈ తలుపు గుండానే.

ఇక 2009. జనవరి 7న హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం దొంగలెక్కల బండారం బయటపడేసరికి అందులో దాదాపు యాభై వేలమంది ఉన్నారు, అమీర్‌పేట హాస్టళ్లలో ఆ నెలంతా అదే టెన్షన్. కార్మిక చట్టం అక్కడ పెద్దగా అక్కరకు రాలేదు, ఎందుకంటే లేఆఫ్ సెక్షన్లు ఫ్యాక్టరీలకు, గనులకు, తోటలకే. కేంద్రం బోర్డును రద్దుచేసి కొత్తవాళ్లను కూర్చోబెట్టింది, ఏప్రిల్లో టెక్ మహీంద్రా కొనుక్కుంది. ఆ వేసవిలోనే పనిలేని వేలమందిని ‘వర్చువల్ పూల్’ అని పక్కన పెట్టి ఆరు నెలల దాకా బేసిక్, పీఎఫ్, మెడికల్ ఇస్తామన్నారు. చూడబోతే ఇది 1953 నాటి లేఆఫే, గేటు హాజరు లేదంతే.

అదే ఏడాది జర్మనీలో సుమారు 15 లక్షలమంది తక్కువ గంటలు పనిచేస్తూ ఉద్యోగాల్లోనే ఉన్నారు. కోతపడిన నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం వాళ్ల నిరుద్యోగ బీమా నిధి కట్టింది. తేడా అంతా డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందన్న దగ్గరే ఉంది. మన చట్టం ఆ సగం జీతాన్ని మునుగుతున్న యజమానినే ఇమ్మంటుంది.

2020లో అదే మళ్లీ తేలింది. లాక్‌డౌన్‌లో జీతం పూర్తిగా ఇవ్వాలని మార్చి 29న కేంద్రం ఆదేశించింది, యజమానులు సుప్రీంకోర్టుకెళ్లారు, మే నెలలో ఆ ఆదేశం పోయింది, జూన్ 12న కోర్టు మీరూ మీరూ మాట్లాడుకోండి అంది. బీమా సొమ్ముతో జరిగింది ఒకటే, ఈఎస్ఐలో, అంటే తక్కువ జీతాల ఉద్యోగుల బీమా పథకంలో, ఉద్యోగం పోయినవాళ్లకిచ్చే భృతిని పాతిక శాతం నుంచి సగటు జీతంలో సగానికి పెంచారు, అదీ 90 రోజులకు. అయితే ఈఎస్ఐలో ఉండాలంటే నెల జీతం 21,000 దాటకూడదు. సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు వర్తిస్తుంది, గచ్చిబౌలి ఐటీ వాళ్లకు దాదాపు వర్తించదు.

2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకొచ్చాయి. అనుమతి హద్దు మళ్లీ మూడొందలకే చేరింది, అంటే 1976 దగ్గరికే. రిట్రెంచ్ అయినవాడి పేర యజమాని 15 రోజుల జీతం రీస్కిల్లింగ్ నిధికి కట్టాలన్నది మాత్రం కొత్త. అదీ ‘రిట్రెంచ్’ అయితేనే.

2009లో మా రూమ్మేట్‌ను వాళ్ల కంపెనీ హెచ్ఆర్ మీటింగ్ రూమ్‌కు పిలిచి, మేం తీసేస్తే రికార్డు పాడవుతుంది, నువ్వే రిజైన్ చెయ్, రిలీవింగ్ లెటర్ నీట్‌గా ఇస్తాం అన్నాడు. వీడు అక్కడే కూర్చుని మెయిల్ పంపాడు. కారణం అన్నచోట ‘వ్యక్తిగతం’ అని రాశాడు.