ముక్కు మీది మచ్చ: మనవలకు ఉత్తరం

మైలాపూరు, చెన్నై

చిరంజీవులు చిన్నికి, బాబుకి అమ్మమ్మ ఆశీస్సులు.

దసరా సెలవులకు వచ్చినప్పుడు నా ముక్కు పక్కన ప్లాస్టర్ చూసి బాబు దగ్గరకు రావడానికి జంకాడు. రైలెక్కే ముందు చిన్ని నా చెవిలో, "అమ్మమ్మా, ముద్దు పెడితే అది అంటుకుంటుందా?" అని అడిగింది. బండి కదిలే హడావుడిలో అంటుకోదని మాత్రం చెప్పగలిగాను. ఎందుకు అంటుకోదో తెలియకపోతే ఆ మాట మీ మనసులో నిలవదు. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పాను. నా ముక్కు మీద జరిగిన సంగతి మీకు నేనే చెప్పాలి.

రెండేళ్ల కిందట అక్కడ మిరియపు గింజంత నల్లటి మచ్చ లేచింది. పుట్టుమచ్చ అనుకున్నాను. దగ్గరగా చూస్తే అంచు ముత్యంలా మెరిసేది. కళ్లజోడు ఒరుసుకున్నప్పుడల్లా ఒక చుక్క రక్తం వచ్చి పొక్కు కట్టేది. మానినట్టే మాని మళ్లీ పగిలేది. అలా మానని పుండును రెండేళ్లు పట్టించుకోకపోవడం నా తప్పు. చిన్న ముక్క తీసి పరీక్ష చేసి, బేసల్ సెల్ కార్సినోమా అన్నారు. చర్మం పైపొరలో అట్టడుగు వరుస కణాల పోలికలో పెరిగే క్యాన్సర్ అది. ఒంట్లో వేరే చోటికి పాకడం చాలా అరుదు. కానీ వదిలేస్తే ఉన్నచోటే లోపలికి తొలుచుకుపోతుంది. తెల్ల చర్మం వారిలో ఇది చాలా మామూలు, మన రంగు వారిలో తక్కువ. మనలో వచ్చినప్పుడు తరచు నల్లగా ఉంటుంది కాబట్టి పుట్టుమచ్చ అని పొరబడతాం.

ఇది ఎలా పుడుతుందో చెబుతాను. వేసవిలో మిద్దె మీద నాతో కలిసి వడియాలు పెట్టారు కదా. బాబు పెట్టినవి దగ్గర దగ్గరగా పడి, ఎండేసరికి రెండేసి అతుక్కుపోయాయి. ఒకటి తీయబోతే పక్కది విరిగింది. చర్మ కణంలోని డీఎన్‌ఏలో ఎండ చేసే పని అచ్చం అదే. డీఎన్‌ఏ అంటే జంట పోగుల మీద నాలుగే అక్షరాలతో రాసిన పొడవాటి రాత. ఎండలోని అతినీలలోహిత కిరణం తగిలితే పక్కపక్కనే ఉన్న రెండు టి అక్షరాలో, రెండు సి అక్షరాలో ఒకదానికొకటి అతుక్కుంటాయి. కణం తన రాతను నకలు తీసుకునేటప్పుడు అక్కడ తడబడి, సి ఉండాల్సిన చోట టి రాస్తుంది. ఒక్కోసారి రెండు సిల బదులు రెండు టిలు పడతాయి. ఈ జంట తప్పు వేరే కారణాల వల్ల చాలా అరుదు. అందుకే క్యాన్సర్ కణంలో అది కనిపిస్తే ఎండ చేసిన సంతకం అంటారు.

దీనికి కారణం ఎండలోని వేడి కాదు, కంటికి కనిపించని ఆ కిరణాలు. డిసెంబరులో మెరీనా తీరాన గాలి చల్లగా ఉన్నా మిట్టమధ్యాహ్నం అవి బలంగానే ఉంటాయి.

అలాగని ఎండలోకి వెళ్లినవారందరికీ క్యాన్సర్ రాదు. కణం లోపల దిద్దేవాళ్లు ఉన్నారు. కొన్ని ప్రోటీన్లు అతుకుపడిన చోటును పసిగట్టి, ఆ వైపు పోగులో సుమారు 30 అక్షరాల ముక్కను కత్తిరించి తీసేస్తాయి. ఎదుటి పోగును చూసుకుంటూ ఖాళీని మళ్లీ పూరిస్తాయి. ఎంత గొప్ప పనో చూడండి! దీన్ని వివరించినందుకు అజీజ్ సంజార్ గారికి 2015లో మరో ఇద్దరితో కలిపి రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ దిద్దుబాటు పుట్టుకతోనే లోపించిన పిల్లలు ఉన్నారు. ఆ జబ్బు పేరు జీరోడెర్మా పిగ్మెంటోజమ్. పాపం, వాళ్లకు చిన్నతనంలోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి. వాళ్ల కణాలు అతుకులను దిద్దలేకపోతున్నాయని 1968లో జేమ్స్ క్లీవర్ కనిపెట్టాడు.

దిద్దలేనంత పాడైన కణాన్ని పి53 అనే ప్రోటీన్ ఆపేస్తుంది, అవసరమైతే చంపేస్తుంది. తప్పు పి53 రాతలోనే పడితే చెడిన కణం బతికిపోయి పిల్లలను కంటుంది. 1991లో డగ్లస్ బ్రాష్ బృందం స్క్వామస్ సెల్ అనే రెండో రకం చర్మ క్యాన్సర్లు 24 తీసుకుని చూస్తే, 14 వాటిలో పి53 చెడి ఉంది. ఎండ సంతకమూ కనిపించింది.

నాకు వచ్చిన రకంలో అసలు కథ ప్యాచ్డ్ అనే జన్యువుది. తల్లి కడుపులో బిడ్డ అవయవాలు రూపు దిద్దుకునేటప్పుడు 'పెరుగు' అని చెప్పే సంకేతం ఒకటి ఉంటుంది, పేరు హెడ్జ్‌హాగ్. మొదట దాన్ని పండ్ల ఈగల్లో గుర్తించారు. హెడ్జ్‌హాగ్ జన్యువు చెడిన ఈగ పిల్ల ఒళ్లంతా ముళ్లు పరిచినట్టు ఉండటంతో ముళ్ల జంతువు పేరు పెట్టారు. పెద్దయ్యాక చర్మంలో ఆ సంకేతానికి ప్యాచ్డ్ అడ్డుకట్ట వేసి ఉంచుతుంది. ప్యాచ్డ్ జన్యువు ప్రతులు రెండూ చెడితే కట్ట తెగినట్టే, కణం పెరుగుతూనే ఉంటుంది. క్యాన్సర్‌లో దీని పాత్ర 1996లో తెలిసింది. 2012కల్లా ఆ సంకేతాన్ని ఆపే విస్మోడెగిబ్ మాత్ర వచ్చింది. నాకు దానితో పని పడలేదు, కోసి తీసేస్తే సరిపోయింది.

మన దేశంలో స్క్వామస్ రకం ఎండ తగలని చోట కూడా వస్తుంది. పాత కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని పుండ్ల మీద, ఆర్సెనిక్ కలిసిన బావి నీళ్లు తాగిన వారిలో చూస్తుంటారు. కశ్మీరులో చలికి దుస్తుల లోపల పట్టుకునే నిప్పుల కుండ కాంగ్రీ వల్ల పొట్ట మీద, తొడల మీద వచ్చేది. మీ తాతయ్య అక్కగారి మోకాలి కింద పొయ్యి నిప్పు కాలిన మచ్చ ఉండేది. అది నలభై ఏళ్లకు పుండై, ఇలాగే మారింది. ఊళ్లో పాపఫలం అన్నారు. ఆమె ఆ మాట నమ్మి గదిలోంచి బయటికి రావడం మానేసింది. ఆ గది తలుపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఈ ఉత్తరం రాయడానికి అదీ ఒక కారణం.

ఇక నీ ప్రశ్న, చిన్నీ. నా మచ్చలో క్రిమి లేదు. ఉన్నవి రాత తప్పిన నా కణాలే. అవి నీ చెంప మీద పడ్డా నీ ఒంటికి పరాయివి, బతకవు. మీ అమ్మకు నేనిచ్చిన రాతలోనూ ఈ తప్పు లేదు, ఇది నా చర్మంలో తర్వాత పడింది.

కుట్లు విప్పేశారు, సన్నటి గీత మిగిలింది. తీసిన ముక్కను ల్యాబులో డాక్టరమ్మ నాకు మైక్రోస్కోపులో చూపించింది. గులాబీ రంగు నేల మీద నీలం దీవులు, ఒక్కో దీవి చుట్టూ కణాలు కంచె కర్రల్లా వరుసగా నిలబడి ఉన్నాయి. ఆ స్లైడు ఇంకొకటి చేసి ఇస్తానంది. సంక్రాంతికి వచ్చేటప్పుడు చిన్నీ, నీ నోటుబుక్కు, రంగు పెన్సిళ్లు తెచ్చుకో. నా పాత మైక్రోస్కోపు అద్దం తుడిచి పెడతాను.

మీ అమ్మమ్మ