స్కేలు తీసుకుని పంజరాల కొట్టుకు వెళ్ళండి

చిరంజీవులైన మనుమరాలికీ మనుమడికీ అమ్మమ్మ అనేక ఆశీస్సులతో వ్రాయునది.

ఇక్కడ తాతయ్యా నేనూ కులాసాగా ఉన్నాము. లవ్ బర్డ్స్ జతను పెంచుకోవడానికి కొందామని మీరు వాట్సాప్‌లో పంపిన పంజరం ఫోటోను నిన్న రాత్రి కళ్ళజోడు పెట్టుకుని, వేళ్ళతో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. బంగారు రంగు ఊచలు, గుండ్రని ఒళ్ళు, గుడి గోపురంలా పైకి పోయేకొద్దీ సన్నబడిన కప్పు, దాని నెత్తిన ఒక కొక్కెం. మీకు అది ఎందుకు నచ్చిందో నాకు తెలుసు, ఎందుకంటే చూడగానే నాకూ నచ్చింది. అయినా దాన్ని కొనవద్దు. ఫోనులో వద్దని ఒక్క మాట అని ఊరుకుంటే మీకు మనసు చిన్నబోతుందే తప్ప కారణం తెలియదు. అందుకని తీరిగ్గా కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు పిట్ట సంగతి. మన కొట్లలో లవ్ బర్డ్స్ అని అమ్మేవాటిలో చాలా భాగం నిజానికి బడ్జీలు అనే చిన్న చిలుకలు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా పక్షులు, కాస్త బలిష్ఠంగా, పెద్ద ముక్కుతో ఉంటాయి. మీరు ఫోటోలో చూపించిన పచ్చదీ నీలిదీ రెండూ బడ్జీలే. వీటి సొంత ఊరు ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఎండిన గడ్డి మైదానాలు. నీళ్ళ కోసం, గింజల కోసం గుంపులు గుంపులుగా ఎంతో దూరం ఎగురుతూ బతికే జాతి ఇది. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షి శాస్త్రజ్ఞుడు ప్రాణాలతో ఉన్న బడ్జీలను ఇంగ్లండుకు తీసుకువెళ్ళాడు. ఆ తరువాత తరతరాలుగా మనుషుల ఇళ్ళలోనే పుట్టి పెరిగినందువల్ల ఇవి పంజరానికి అలవాటుపడ్డాయి కానీ, ఎగరవలసిన ఒళ్ళు మాత్రం మారలేదు. మన రామచిలుకను పెంచుకుంటామని మాత్రం ఎప్పుడూ అడగవద్దు. నా చిన్నతనంలో వీధికి రెండిళ్ళలో చిలుక పంజరం వేలాడేది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశపు చిలుకలనూ మైనాలనూ పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. సన్ కొన్యూర్, ఆఫ్రికన్ గ్రే వంటి విదేశీ చిలుకలకు 2024లో వచ్చిన నియమాల కింద కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. బడ్జీలకు ఆ బాదరబందీ లేదు.

ఇప్పుడు పంజరం. కొట్టుకు వెళ్ళేటప్పుడు మీ కంపాస్ బాక్సులోని చిన్న స్కేలూ, 30 సెంటీమీటర్ల పెద్ద స్కేలూ, ఇంట్లోంచి ఒక దూది ఉండా తీసుకువెళ్ళండి. చిన్న స్కేలుతో కొలవవలసింది ఊచకూ ఊచకూ మధ్య సందు. బడ్జీకి అది 12 మిల్లీమీటర్లు దాటకూడదు. ఈకలతో బొద్దుగా కనిపించే ఈ పిట్ట బరువు 30 నుంచి 40 గ్రాములు మాత్రమే. ఈకల కింద తల చాలా చిన్నది. సందు వెడల్పయితే తల బయటికి పెడుతుంది, వెనక్కు లాక్కోబోతే మెడ ఇరుక్కుంటుంది, బెదిరిపోయి గింజుకున్నకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది. పెద్ద చిలుకలకోసం చేసిన పంజరం ఎంత విశాలంగా ఉన్నా, ఎంత చవకగా వచ్చినా బడ్జీకి పనికిరానిది ఇందుకే.

మీరు పంపిన పంజరంతో అసలు చిక్కు అక్కడే. కింద సందులు సరిపోయినట్టే ఉన్నాయి. కానీ కప్పు గోపురంలా పోవడంతో ఊచలన్నీ పైన ఒకచోటికి చేరుకున్నాయి. వాటి మధ్య సందు కింద 12 మిల్లీమీటర్లు ఉంటే, పైకి పోయేకొద్దీ ఎనిమిది, అయిదు, రెండు అవుతుంది. బడ్జీ ముక్కును మూడో కాలుగా వాడుకుంటూ ఊచలు పట్టుకుని పైకి పాకుతుంది, ఎత్తైన చోటే దానికి ఇష్టం. అలా పాకినప్పుడు ఆ సన్నని మూలలో కాలి వేలో, గోరో, రెక్క అంచో జొరబడితే ఇక రాదు. పైగా గుండ్రని పంజరంలో అది బెదిరినప్పుడు వెళ్ళి నక్కడానికి మూల అంటూ ఉండదు. కాబట్టి మూలలున్న, కప్పు చదునుగా ఉన్న పంజరమే చూడండి. కనీసం రెండు వైపులా ఊచలు అడ్డంగా ఉండాలి. నిలువు ఊచల మీద కాలు జారుతుంది, అడ్డ ఊచలు నిచ్చెన మెట్లలా ఉపయోగపడతాయి.

పరిమాణం విషయంలో పెద్ద స్కేలు పని వస్తుంది. బడ్జీ ముక్కు నుంచి తోక దాకా దాదాపు 18 సెంటీమీటర్లు, రెక్కలు రెండూ చాచితే సుమారు మీ పెద్ద స్కేలంత. అంటే ఆ స్కేలు పంజరం లోపల ఏ ఊచకూ తగలకుండా హాయిగా తిరగాలి. జతకు నేను చెప్పే కొలత పొడవు 30 అంగుళాలు, వెడల్పు 18, ఎత్తు 18. ఇంకా పొడవైనది దొరికితే మరీ మంచిది. పొడుగ్గా, టవరులా నిలబడే పంజరాలు హాల్లో తక్కువ చోటు తీసుకుంటాయని కొట్టువాళ్ళు చూపిస్తారు. పిట్ట హెలికాప్టరులా నిట్టనిలువుగా లేవదు, అడ్డంగా ఎగురుతుంది. అందువల్ల ఎత్తుకు పెట్టే డబ్బు పొడవుకు పెట్టమని నాన్నగారికి నా మాటగా చెప్పండి.

లోహం గురించి కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే ఇది కంటికి కనిపించని ప్రమాదం. బజారులో చవకగా దొరికే పంజరాలు చాలావరకు జీఐ మెష్‌తో చేస్తారు, అంటే ఇనుప తీగకు తుప్పు పట్టకుండా జింకు పూత పూసినవి. బడ్జీ రోజంతా ఊచలను కొరుకుతూనే ఉంటుంది. జింకు పొట్టు పొట్టుగా రాలి కడుపులోకి పోతే మెల్లగా విషమవుతుంది. సీసం కలిసిన టంకం అయితే ఇంకా ప్రమాదం. పిట్ట మందకొడిగా కూర్చుంటుంది, నీళ్ళు ఎక్కువగా తాగుతుంది, రెట్ట రంగు మారుతుంది. అప్పటికే ఆలస్యమై ఉండవచ్చు. అన్నిటికంటే మంచిది స్టెయిన్‌లెస్ స్టీలు, కానీ ధర ఎక్కువ. దాని తరువాత పౌడర్ కోటింగ్, అంటే రంగు పొడిని వేడితో కరిగించి పూత పట్టించడం, చేసిన పంజరం, ఎక్కడా పెచ్చు లేవకుండా ఉంటే, నిశ్చింతగా తీసుకోవచ్చు. గోటితో నాలుగైదు చోట్ల గీకి చూడండి. మీ బంగారు పంజరం మీద ఉన్నది ఏ రంగో, దాని కింద ఏ లోహమో కొట్టతను చెప్పలేకపోతే అదొక్కటే దాన్ని వదిలెయ్యడానికి చాలిన కారణం. ఏ దారీ లేక జీఐ పంజరమే కొనవలసివస్తే వెనిగర్ పోసి గట్టి బ్రష్షుతో ప్రతి ఊచనూ తోమి, కడిగి, ఎండబెట్టాలి. దానితో పైన వదులుగా ఉన్న పొడి పోతుందే కానీ పూత మొత్తం పోదు, కనుక అది సరైన పంజరం దొరికేదాకా చేసుకునే సర్దుబాటు మాత్రమే.

ఇక దూది ఉండ. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని పంజరం లోపలి వైపంతా, ముఖ్యంగా వెల్డింగ్ అతుకుల మీద, తలుపు అంచుల మీద మెల్లగా రాయండి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుని తెల్లగా వేలాడితే అక్కడ మొన ఉందన్నమాట. దూది పోగును పట్టుకున్న మొన రేపు పిట్ట కాలినీ గీరుతుంది. నేను నేర్చుకున్న పరీక్షలన్నిటిలోకీ ఖర్చు లేనిది ఇదే.

తలుపు గురించి రాయాలంటే నాకు ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది. మా మొదటి పంజరానికి తలుపులన్నీ పైకి జరిపే రేకు తలుపులు. పెద్ద తలుపుకు నేను జాగ్రత్తగా క్లిప్పు పెట్టాను. గింజల గిన్నె దగ్గర ఉన్న చిన్న తలుపును మాత్రం పట్టించుకోలేదు, అంత చిన్నదానిలోంచి పిట్ట ఏం వస్తుందిలే అనుకున్నాను. ఒకనాటి మధ్యాహ్నం మా నీలిపిట్ట ఆ రేకు కింద ముక్కు దూర్చి, తలతో ఎత్తి పట్టుకుని బయటికి వచ్చింది. హాల్లో ఫ్యాను రెండో నంబరు మీద తిరుగుతోంది. నేను వంటింట్లోంచి చప్పుడు విని వచ్చేసరికి అది సోఫా పక్కన నేల మీద ఉంది. ఫ్యాను రెక్క తగిలి ప్రాణం పోయింది. ఆ తప్పు నాదే. అందుకని కొట్లో ప్రతి తలుపునూ, గిన్నెల తలుపులతో సహా, లెక్కపెట్టండి. పక్కకు తెరుచుకుని గడియ పడే తలుపు అయితే మంచిది. పైకి జరిపేవి ఉంటే ఒక్కొక్కదానికి ఒక స్టీలు కొక్కెమో స్ప్రింగు క్లిప్పో తెచ్చుకోండి. పెద్ద తలుపు ఎంత ఉండాలంటే, చిన్న స్నానపు గిన్నె పట్టుకున్న చెయ్యి పిట్టకు తగలకుండా లోపలికి పోవాలి. పిట్టను ఎప్పుడు బయటికి వదిలినా ముందు ఫ్యాను ఆపండి, అది పూర్తిగా నిలబడేదాకా పంజరం తలుపు ముట్టుకోకండి.

పంజరంతో పాటు పిట్ట నిలబడే నున్నని ప్లాస్టిక్ దండేలు రెండు ఇస్తారు. అవి రెండూ తీసివేయండి. ఎప్పుడూ ఒకే మందం మీద నిలబడితే అరికాలు ఒకేచోట ఒరిసి పుండవుతుంది. జామకొమ్మ, వేపకొమ్మ మందు కొట్టని చెట్టు నుంచి తెచ్చి, కడిగి, ఎండలో పెట్టి కట్టండి. మీ పెన్సిలు కన్నా కొంచెం లావు నుంచి మీ బొటనవేలంత దాకా రకరకాల మందాలు ఉండాలి, పిట్ట పట్టుకున్నప్పుడు ముందు వేళ్ళూ వెనక వేళ్ళూ ఒకదానికొకటి తగలకూడదు. గరుకు కాగితం తొడిగిన దండేలు గోళ్ళకు మంచివని అంటారు, కానీ అవి పాదాల చర్మం కొట్టుకుపోయేలా చేస్తాయి. పోగులు లేచే తాడు ఊయలలు కూడా వద్దు, వేళ్ళకు చుట్టుకుంటాయి.

అడుగున లాగే ట్రే ఉండాలి, దాని పైన జాలీ ఉండాలి. ట్రేలో రోజూ పాత దినపత్రిక మార్చండి, రెట్ట రంగు చూసి ఆరోగ్యం చెప్పవచ్చు.

పంజరం ఎక్కడ పెడతారన్నది పంజరమంత ముఖ్యమైన విషయం. మీ నాలుగో అంతస్తు బాల్కనీ మీకు ముద్దుగా ఉన్నా అక్కడ మాత్రం వద్దు. కాకులు ఊచల మధ్యనుంచి పొడుస్తాయి, పిల్లులు ఏ అంతస్తుకైనా ఎక్కుతాయి, మే నెలలో మీ హైదరాబాదు ఎండకు పంజరం ఊచలే కాలుతాయి. వంటింటికి దగ్గరగా అసలు వద్దు. పక్షి ఊపిరి మన ఊపిరి లాంటిది కాదు. దాని ఒంట్లో గాలి సంచులుంటాయి, ఊపిరితిత్తుల గుండా గాలి ఒకే దిక్కున నిరంతరం సాగిపోతుంది, ఎగరడానికి అంత ప్రాణవాయువు కావాలి కనుక. ఆ కారణంగానే గాలిలో ఏ విషమున్నా మనకంటే ముందు దానికి ఎక్కుతుంది. బ్రిటన్ బొగ్గు గనుల్లో విషవాయువు పసిగట్టడానికి 1986 దాకా కెనరీ పిట్టలను తీసుకువెళ్ళింది ఇందుకే. మీ అమ్మ దోసెలు వేసే నాన్‌స్టిక్ పెనం ఖాళీగా స్టవ్ మీద మరిచిపోయి బాగా వేడెక్కితే, ఆ పూత నుంచి వచ్చే ఆవిరి మనకు వాసనయినా తెలియకముందే పిట్ట ప్రాణం తీస్తుంది. అగరవత్తులు, సాంబ్రాణి, దోమల కాయిల్, బొద్దింకల స్ప్రే ఇవేవీ ఆ గదిలో ఉండకూడదు. పూజ గది హాల్లోకే తెరుచుకుంటుంది కదా, సాంబ్రాణి వేసే రోజు పంజరాన్ని వేరే గదిలోకి మార్చి తలుపు వేయండి. దోమలకు దోమతెర కంటే మంచిది లేదు. 

హాల్లో టీవీకి దూరంగా, ఏసీ గాలి సూటిగా తగలని మూల ఒకటి ఉంది, సోఫా వెనుక. అక్కడ రెండు వైపులా గోడ ఉంటుంది, పిట్టకు వెనకనుంచి ఎవరో వస్తారన్న భయం ఉండదు. మీ గుండె ఎత్తుకు వచ్చే స్టాండు మీద పెట్టండి. నేల మీద పెడితే మనుషులందరూ దాని మీదికి వంగే రాక్షసుల్లా కనిపిస్తారు. గింజలకు చీమలు వస్తే మందు చల్లవద్దు; పూర్వం మా ఇంట్లో పిండివంటల బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టేవాళ్ళం, స్టాండు కాళ్ళ కింద అలాగే పెట్టి దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ నీళ్ళు మార్చండి. రాత్రి పదకొండు దాకా మీ హాల్లో లైట్లు వెలుగుతాయని నాకు తెలుసు. బడ్జీకి పది పన్నెండు గంటల చీకటి కావాలి, కనుక ఎనిమిదింటికల్లా పల్చటి నూలు గుడ్డ మూడు వైపులా కప్పి ఒక వైపు గాలికి వదలండి.

కొట్టతను పంజరంలో ఒక చిన్న మట్టికుండ కట్టి ఇస్తానంటాడు. తీసుకోవద్దు. కుండ కనిపిస్తే ఆడపిట్ట గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, పెట్టిందే పెట్టి నీరసిస్తుంది, ఒక్కోసారి గుడ్డు అడ్డుపడి చనిపోతుంది. వాటికి పడుకోవడానికి కుండ అక్కరలేదు, పైనున్న దండెం మీదే నిద్రపోతాయి.

పంజరం ముందు తెచ్చి, నేను చెప్పిన మూలలో పెట్టి, రెండు మూడు రోజులు ఖాళీగా ఉంచండి. ఆ రోజుల్లో ఎండ ఏ వేళకు ఎక్కడ పడుతుందో, పోపు ఘాటు అక్కడిదాకా వస్తుందో రాదో చూడండి. పిట్టలను ఆ తరువాతే తీసుకురండి. కొనేముందు ఊచల సందు, పొడవు, వెడల్పు, తలుపుల సంఖ్య ఒక కాగితం మీద రాసి, స్కేలు ఊచల మీద ఆనించి తీసిన ఫోటోతో కలిపి నాకు పంపండి. నేను చూసి చెప్పేదాకా కొట్టతనికి బయానా ఇవ్వవద్దని నాన్నగారితో అనండి. కొర్రలూ వరిగలూ ఇక్కడి సంతలో మంచివి దొరుకుతున్నాయి, రాళ్ళు ఏరి, ఎండబెట్టి, రెండు కిలోలు సిద్ధంగా ఉంచాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ