మెడలో పగడం, బట్టీలో గుల్ల

కోనసీమలో మంగళసూత్రానికి నల్లపూసల మధ్య గుచ్చే పగడం, తీరం వెంట సున్నపు బట్టీల్లో కాల్చే గుల్ల ఒకే పదార్థం: కాల్షియం కార్బొనేట్. ఎరుపు మాత్రం కెరోటినాయిడ్లది, అంటే క్యారెట్ రంగుకు చుట్టం. ఈ సంగతి తెలిస్తే పగడం ఎందుకు పాడవుతుందో సులువుగా అర్థమవుతుంది.

పగడం చెట్టూ కాదు, గని రాయీ కాదు. ఎనిమిదేసి టెంటకిళ్లు (చేతుల్లాంటి మెత్తని తీగలు) ఉన్న చిన్న జీవులు గుంపుగా బతుకుతూ కట్టుకున్న అస్థిపంజరం. నగలకు పేరుపడ్డ కొరాలియం రూబ్రం అనే ఎర్ర పగడం జాతి మధ్యధరా సముద్రంలో, వెలుగు తక్కువున్న గుహల్లో, రాతి చూరుల కింద పెరుగుతుంది. ఒండ్రు నీరు కలిసే అంతర్వేది దగ్గర అది దొరకదు. మన దేశానికి అది రోమన్ల కాలం నుంచీ దిగుమతే. కొమ్మ మందం ఏడాదికి మిల్లీమీటరులో మూడో వంతుకు మించి పెరగడం అరుదు. అక్కడి నిబంధన ప్రకారం మొదట్లో కనీసం 7 మి.మీ. మందం ఉన్న కొమ్మనే కోయాలి. అంటే ఒక మంచి పూస వెనుక పాతికేళ్ల ఎదుగుదల ఉంటుంది.

నగ మరమ్మతులోనే పగడానికి ఎక్కువ నష్టం. అతుకు పెట్టే మంటకు రంగు మాడుతుంది. అతుకు తర్వాత వెలిగారం మరకలు పోవడానికి నగను పలచని గంధకామ్లంలో వేస్తే, ఆమ్లానికి కరిగే కాల్షియం కార్బొనేట్ కాబట్టి పగడం బుసబుసా పొంగి, పై మెరుపు కరిగిపోతుంది. అందుకే ముందు పగడాలు విప్పించి, పనంతా అయ్యాక తిరిగి పొదిగించాలి. ఇంట్లో చింతపండు, నిమ్మకాయ కూడా ఇదే పని నెమ్మదిగా చేస్తాయి. కుంకుడు రసమూ కొద్దిగా ఆమ్లమే, అందులో నానబెట్టవద్దు. పళ్లపొడితో, ఇసుక దుమ్ముతో తోమినా గీతలే: ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలుపై పగడానిది 3.5 దగ్గర, గోదావరి ఇసుకలోని స్ఫటికానిది 7. గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క మెత్తని సబ్బు, మెత్తని గుడ్డ చాలు. చెమట కూడా మెరుపు తీస్తుంది కాబట్టి నగ తీసిన వెంటనే తుడవాలి.

కొనేటప్పుడు వెనిగర్ చుక్క వేసి చూపిస్తే నమ్మకండి. పొంగితే అది గాజో, ప్లాస్టిక్కో కాదని మాత్రమే తేలుతుంది. రంగు పూసిన వెదురు పగడమూ (ఎర్ర పగడం పేరుతో అమ్మే వేరే జాతి పగడం), గుల్ల ముక్కా అలాగే పొంగుతాయి, పైగా పూసకు మచ్చ మిగులుతుంది. 10 రెట్ల భూతద్దంతో చూడండి: అసలు పగడంలో పొడవునా సన్నని సమాంతర గీతలు ఒత్తుగా ఉంటాయి, వెదురు పగడంలో అవి వెడల్పుగా ఉంటాయి, పూసిన రంగు ఆ గీతల్లో, బీటల్లో పేరుకుంటుంది. గాజులో బుడగలు కనబడతాయి. కనబడని చోట అసిటోన్‌లో (గోళ్ల రంగు తుడిచే ద్రవం) తడిపిన దూదితో రుద్దితే అద్దకం రంగు దూదికి అంటవచ్చు, కానీ పైన రెజిన్ (ప్లాస్టిక్ లాంటి జిగురు) పూత ఉంటే అంటకపోవచ్చు. పెద్ద ధర పెడుతుంటే రత్నాల ల్యాబ్ నివేదిక అడగండి.

పూసల పేరు గుచ్చేటప్పుడు పూసకూ పూసకూ మధ్య ముడి వేయించుకోండి. పూసలు ఒరుసుకోవు, దారం తెగినా ఒక్కటే జారుతుంది.