చక్కెర గొలుసును తెంపే ఎంజైము

అమలాపురం

చిరంజీవులైన పిల్లలకు,

కోడిగుడ్డు తెల్లసొనలో నీళ్లు పోగా మిగిలేది చాలావరకు ప్రోటీనే. ఆ ప్రోటీన్లలో చాలావాటికి చక్కెర గొలుసులు తగులుకుని ఉంటాయి. వాటిని తెంపే ఎంజైము పీఎన్‌గేజ్ ఎఫ్. రేపు మీరు కాలేజీ ల్యాబులో దీన్ని వాడేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుందో ముందే తెలిస్తే మంచిదని రాస్తున్నాను.

పీఎన్‌గేజ్ ఎఫ్ తెంపే రకం గొలుసు ఎక్కడపడితే అక్కడ అంటుకోదు. ప్రోటీన్‌లోని అమైనో ఆమ్లాల వరుసలో ఆస్పరజిన్, దాని పక్కన ప్రోలీన్ కాని మరొక అమైనో ఆమ్లం, ఆ తర్వాత సెరీన్ గానీ థ్రియోనిన్ గానీ ఉండాలి. అప్పుడే ఆ ఆస్పరజిన్‌కి తగులుకునే వీలుంటుంది. రావులపాలెం మార్కెట్‌కి వెళ్లే అరటిగెలను తలుచుకోండి. పీఎన్‌గేజ్ ఎఫ్ గెలను కాడతో సహా చెట్టుకి ఆనించి కోసేస్తుంది. ఎండో హెచ్ అనే ఇంకో ఎంజైము కాస్త కాడ చెట్టుకే వదిలేస్తుంది, అంటే గొలుసు మొదట్లోని ఎన్-ఎసిటైల్ గ్లూకోజమీన్ అనే చక్కెర ఒకటి ప్రోటీన్ మీదే ఉండిపోతుంది.

పీఎన్‌గేజ్ ఎఫ్ కోసినచోట ఆస్పరజిన్ కాస్తా ఆస్పార్టిక్ ఆమ్లం అయిపోతుంది. బరువు దాదాపు ఒక డాల్టన్, అంటే ఒక హైడ్రోజన్ పరమాణువంత, పెరుగుతుంది. అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ ఆ ఒక్క డాల్టన్‌ని పట్టుకుని, గొలుసు ఏ చోట ఉండేదో చెప్తుంది. ఎంత అందమైన సంగతో చూడండి! అయితే ఆస్పరజిన్ తనంతట తాను కూడా ఇలా మారుతుంటుంది కాబట్టి, ఆక్సిజన్-18 అనే బరువైన ఆక్సిజన్ ఉన్న నీటిలో కోయించి, మూడు డాల్టన్ల తేడా వచ్చిందా అని చూస్తారు.

మన కణాల్లోనూ ఇదే పని చేసే ఎంజైము ఉంది. దాని జన్యువు ఎన్‌జీఎల్‌వై1. అది చెడితే వచ్చే జబ్బును 2012లో మొదటిసారి గుర్తించారు. ఆ పిల్లలకు ఎదుగుదల మందగిస్తుంది, కన్నీళ్లు సరిగా ఊరవు.

ఇక పని. 20 మైక్రోగ్రాముల లోపు ప్రోటీన్‌ని 0.5 శాతం ఎస్‌డీఎస్ (ప్రోటీన్‌ని విప్పే డిటర్జెంటు), 40 మిల్లీమోలార్ డీటీటీ (ప్రోటీన్‌లోని గంధకపు బంధాల్ని తెంపేది)తో 10 మైక్రోలీటర్లకు సరిచేసి, 100 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచండి. ముడుచుకున్న ప్రోటీన్ విప్పుకుంటేనే ఎంజైము గొలుసు మొదలు దాకా పోగలదు. ట్యూబు చల్లారాక, పది రెట్లు గాఢమైన ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ 7.5) 2 మైక్రోలీటర్లు, ఎన్‌పీ-40 అనే మెత్తని డిటర్జెంటు పది శాతం ద్రావణం 2 మైక్రోలీటర్లు, నీళ్లు 5 మైక్రోలీటర్లు, చివర్న ఎంజైము 1 మైక్రోలీటరు వేసి 37 డిగ్రీల దగ్గర గంటసేపు వదిలేయండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఎన్‌పీ-40 దగ్గరే. ఎస్‌డీఎస్ ఈ ఎంజైమునే చెడగొడుతుంది. ఎన్‌పీ-40 దాన్ని తనలో కలుపుకుని అడ్డు తొలగిస్తుంది. అది వేయడం మరిచారా, గంట కాదు, రాత్రంతా ఉంచినా గొలుసు తెగదు.

ఫలితాన్ని జెల్ మీద చూస్తాం. అది ప్రోటీన్లను బరువును బట్టి పట్టీలుగా విడదీస్తుంది, తేలికైనవి కిందికి పోతాయి. కాబట్టి చక్కెర తెగిన ప్రోటీన్ పట్టీ కిందికి దిగాలి. తణుకు కోళ్ల ఫారాల గుడ్డుతో చేస్తే, తెల్లసొనలోని ఓవోమ్యూకాయిడ్ అనే ప్రోటీన్ పట్టీ బాగా దిగుతుంది. దాని బరువులో ఐదో వంతుకు పైగా చక్కెరే. ఓవాల్బుమిన్ అనే మరో ప్రోటీన్‌కి ఒకటే గొలుసు కాబట్టి తేడా స్వల్పం, తొందరపడి చూస్తే కనపడదు. నిచ్చెన మెట్లలా పట్టీలు వస్తే కొన్ని గొలుసులే తెగాయని అర్థం. 36 కిలోడాల్టన్ల (36 వేల డాల్టన్ల) దగ్గర కొత్త పట్టీ కనిపిస్తే సంబరపడకండి, అది ఎంజైముదే. అందుకే ఎంజైము లేని ట్యూబు ఒకటి, ఎంజైము మాత్రమే ఉన్నది ఒకటి తప్పకుండా పక్కన నడపాలి.

పట్టీ దిగలేదని చక్కెరే లేదనుకోవద్దు. సెరీన్, థ్రియోనిన్‌లకు అంటుకున్న గొలుసుల్ని ఇది ముట్టుకోదు. మన వరి, కొబ్బరి లాంటి మొక్కల ప్రోటీన్లలో గొలుసు మొదట్లో ఆల్ఫా-1,3 బంధంతో ఫ్యూకోజ్ అనే చక్కెర ఉంటే దీని కత్తి ఆడదు. అప్పుడు ముందు ప్రోటీన్‌ని ట్రిప్సిన్ అనే ఎంజైముతో ముక్కలు చేసి, బాదంపప్పు నుంచి తీసే పీఎన్‌గేజ్ ఏ వాడాలి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య