సోకో కనుమ దగ్గర రెండు దారులు ఎందుకున్నాయి?

అట్లాంటా, షార్లెట్ వైపు ఉండే మనవాళ్ళకి లాంగ్ వీకెండ్ దొరికితే స్మోకీస్, అంటే గ్రేట్ స్మోకీ కొండలు, గుర్తొస్తాయి. నార్త్ కరొలైనాలోని ఆష్‌విల్ నుంచి బ్లూ రిడ్జ్ పార్క్‌వే అనే కొండ రోడ్డు మీద వస్తుంటే సోకో కనుమ దగ్గర రెండు దారులుంటాయి. కిందకి దిగితే లోయలో యూఎస్ 19, మోటెళ్ళూ బొమ్మల కొట్లూ దాటుకుంటూ చెరోకీ ఊళ్ళోకి త్వరగా చేరిపోవచ్చు. దిగకుండా పార్క్‌వే మీదే ఉంటే పదమూడు చిల్లర మైళ్ళలో ఐదు సొరంగాలు, మలుపు తిరిగినప్పుడల్లా కింద పొగమంచు, అంత దూరంలో ఒక్క కొట్టు ఉండదు, ఒక్క హోర్డింగూ ఉండదు. వ్యూ బాగుందని ఫొటోలు తీసుకుంటాం కానీ, ఆ రోడ్డుని శిఖరాల మీదకి ఎక్కించింది ఇంజనీర్ల కళాదృష్టి కాదు, కింద లోయలో ఉన్న చెరోకీ తెగవాళ్ళు, అంటే అక్కడి మూలవాసులు, మా పొలాల్లోంచి వద్దని అడ్డం తిరగడం వల్ల అది పైకి పోయింది.

అసలు ఆ లోయలో వాళ్ళు మిగలడమే ఒక కథ. 1830లో ఆండ్రూ జాక్సన్ సంతకంతో ఇండియన్లని మిసిసిపీ అవతలికి పంపే చట్టం వచ్చింది (ఇక్కడ ఇండియన్ అంటే మనం కాదు, ఆ ఊళ్ళో బోర్డుల మీద ఆ మాట చూసి మొదటిసారి వెళ్ళినవాళ్ళు కాసేపు తికమకపడతారు). అప్పటికే జార్జియాలోని డలోనెగా దగ్గర బంగారం పడింది, దాంతో ఆ భూముల మీద అందరి కళ్ళూ పడ్డాయి. 1832లో సుప్రీంకోర్టు చెరోకీల వైపే తీర్పు చెప్పింది, అయినా ఆ తీర్పు కాగితం మీదే ఉండిపోయింది. 1835 డిసెంబరులో న్యూ ఎకోటాలో కొద్దిమంది నాయకులు, తెగ ప్రభుత్వం ఒప్పుకోకుండానే, భూములన్నీ వదులుకునే ఒప్పందం మీద సంతకాలు పెట్టేశారు. పెద్ద నాయకుడు జాన్ రాస్ వేల సంతకాలతో అర్జీ పంపినా సెనేట్‌లో ఆ ఒప్పందం ఒకే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. 1838 వేసవిలో సైన్యం ఇళ్ళమీదకి వచ్చి జనాన్ని దొడ్లలాంటి కంచెల్లోకి తోలింది. అక్కడి నుంచి ఇప్పటి ఓక్లహోమా దాకా దాదాపు 16,000 మందిని తరలించారు, నాలుగు వేల మంది వరకూ చనిపోయారని అంచనా.

అందరూ వెళ్ళలేదు. కొందరు కొండల్లో దాక్కున్నారు. ఓకొనలఫ్టీ నది పక్కన ఉన్నవాళ్ళు మాత్రం అంతకుముందు 1817, 1819 ఒప్పందాల పుణ్యమా అని చెరోకీ నేషన్ హద్దుల బయట విడిగా బతుకుతున్నారు, ఆ పట్టుతోనే నిలబడ్డారు. వాళ్ళ పెద్ద యోనగస్క చిన్నప్పుడే దత్తత తీసుకున్న తెల్లవాడు విలియం హాలండ్ థామస్ అని ఒక వ్యాపారి ఉండేవాడు. చెరోకీల పేరు మీద భూమి నిలుస్తుందన్న భరోసా లేని రోజులు కాబట్టి వాళ్ళ కోసం తన పేరు మీద కొంటూ పోయాడు. ఇంతవరకూ బాగానే ఉంది. అంతర్యుద్ధం అయ్యాక ఆయనకి మతి చెదిరింది, అప్పులు మీద పడ్డాయి, అప్పులవాళ్ళు ఆ భూముల మీద కూర్చున్నారు, 1870ల్లో కోర్టుల చుట్టూ తిరిగితే గానీ భూమి దక్కలేదు. ఇప్పుడు క్వాలా బౌండరీ అని పిలిచే ఈ సుమారు 57,000 ఎకరాలని అందరూ రిజర్వేషన్ అంటారు గానీ, ప్రభుత్వం దయతలచి ఇచ్చిన భూమి కాదిది, డబ్బు పెట్టి కొనుక్కున్నది. తర్వాత 1920ల్లో ఫెడరల్ ప్రభుత్వం దాన్ని ట్రస్టు కిందకి తీసుకుంది, అంటే తెగ తరఫున తన పేరు మీద ఉంచుకుంది. ఈ ముక్క తెలియకపోతే రోడ్డు గొడవ అర్థం కాదు.

1935లో పార్క్‌వే పనులు మొదలయ్యాయి. ఆర్థికమాంద్యంలో జనానికి పని చూపించాలి, వర్జీనియాలోని షెనండోవా పార్కుని గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ పార్కుతో కలపాలి, మొత్తం 469 మైళ్ళు. ఈ చివర ముక్క సోకో లోయలోంచి పోవాలని ప్లాన్. లోయేమో ఇరుకు, సాగుకి పనికొచ్చే మంచి నేల ఉన్నదల్లా అక్కడే. పైగా పార్క్‌వే అంటే మామూలు రోడ్డు కాదు, అటూ ఇటూ బోలెడంత స్థలం తీసుకుంటారు, పక్కనే ఇల్లున్నా దాని మీదకి ఎక్కడబడితే అక్కడ దారి తెరుచుకోనివ్వరు, ఒడ్డున కొట్టు పెట్టుకోనివ్వరు. అంటే పొలం పోతుంది, ఆ పొలంలోంచే కార్లు పోతుంటే నాలుగు బుట్టలు అమ్ముకునే వీలు కూడా ఉండదు. తెగలోనే రెండు పక్షాలయ్యాయి. అప్పటి చీఫ్ జారెట్ బ్లైత్‌కి బేరం కుదిర్చి బయటపడాలని ఉండేది, వైస్ చీఫ్ ఫ్రెడ్ బావర్ గట్టిగా వ్యతిరేకించాడు. ఏళ్ళు సాగిన గొడవ 1940లో తెగింది: పార్క్‌వే కొండ అంచు మీదకి పోవాలి, లోయలో రాష్ట్రం మామూలు హైవే వెయ్యాలి. ఆ హైవేయే యూఎస్ 19. నా లెక్కలో ఇది ఆ తెగ చేసిన మంచి బేరాల్లో ఒకటి, కొండ మీద వ్యూ మనకి దక్కింది, కింద వ్యాపారం వాళ్ళకి దక్కింది.

ఆ వ్యాపారం ఎలా సాగిందన్నది వేరే విషయం. రోడ్డు పక్క కొట్ల ముందు నెత్తిన పొడుగాటి ఈకల కిరీటం పెట్టుకున్న మనిషి టూరిస్టులతో ఫొటోలు దిగేవాడు, వెనక గుడారం. ఆ కిరీటం, ఆ గుడారం రెండూ చెరోకీలవి కావు, వెయ్యి మైళ్ళ అవతలి పచ్చిక మైదానాల తెగలవి. చెరోకీలు చెక్క ఇళ్ళలో ఉండి మొక్కజొన్న పండించుకునేవాళ్ళు. కానీ సినిమాలు చూసి వచ్చినవాడికి ఈకలే కావాలి. పొట్టకూటి కోసం వేసిన వేషం అది, దాన్ని వెక్కిరించడం తేలిక.

అసలు సరుకు మాత్రం అదే వీధిలో ఉంది. 1946లో పెట్టుకున్న క్వాలా ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ సహకార సంఘం కొట్టులో ఏటి ఒడ్డున పెరిగే సన్నటి వెదురుతో అల్లిన జంట అల్లిక బుట్ట చూడండి. లోపల ఒక బుట్ట, బయట ఒక బుట్ట, రెండూ ఒకే అల్లికగా కలిసిపోతాయి, అతుకు ఎక్కడుందో వేలు పెట్టి తడిమినా దొరకదు. తినడానికి బీన్ బ్రెడ్ ఉంటుంది, పేరు బ్రెడ్డే గానీ మొక్కజొన్న పిండిలో చిక్కుడు గింజలు కలిపి ఆకుల్లో చుట్టి ఉడకబెడతారు, కోనసీమవాళ్ళకి చూడగానే పొట్టిక్కలు గుర్తుకొస్తాయి.

వీధి బోర్డుల దగ్గర కూడా ఒక నిమిషం ఆగాలి. ఇంగ్లిష్ జీ, డబ్ల్యూ, వై పక్కపక్కన రాసినట్టు మూడు గుర్తులు కనిపిస్తాయి. అది త్సలగి, అంటే చెరోకీ. డబ్ల్యూలా ఉన్నది 'ల', డీలా ఉండేది 'అ'. ఇంగ్లిష్ చదవడం రాని సెక్వోయా 1821 నాటికి తయారుచేసిన లిపి ఇది, ఒక్కో గుర్తుకి ఒక్కో అక్షరం చొప్పున ఎనభై పైచిలుకు. గుణింతాలతో పెరిగిన మనకి ఈ పద్ధతి ఇంగ్లిష్ స్పెల్లింగ్ కన్నా తొందరగా తలకెక్కుతుంది. 1828లోనే ఈ లిపితో వాళ్ళకి సొంత పత్రిక వచ్చింది, అంటే వాళ్ళని తోలేసే నాటికి పదేళ్ళుగా పేపరు చదువుతున్న జనం.

ఇప్పుడు బోర్డులు పార్కు లోపల కూడా మారుతున్నాయి. 6,643 అడుగుల శిఖరానికి క్లింగ్‌మన్స్ డోమ్ అని ఒక సెనేటర్ పేరుండేది, తెగ అర్జీ పెడితే 2024 సెప్టెంబరులో పాత పేరు కువోహి తిరిగొచ్చింది. మల్బరీ చెట్లుండే చోటు అని అర్థం.

ఇదంతా చూశాక బ్రైసన్ సిటీ వైపు అదే యూఎస్ 19 మీద కాస్త ముందుకెళ్తే టకసీజీ నది పక్కన కిటువా వస్తుంది, చెరోకీలు తల్లి ఊరు అనుకునే చోటు. 1996లో తెగ ఆ 309 ఎకరాలు మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కుంది. ఒకప్పుడు ఆరని అగ్ని వెలిగిందని చెప్పుకునే మట్టి దిబ్బ అక్కడే ఉంది, ఏళ్ళ తరబడి నాగలి తిరగడంతో బాగా అరిగిపోయి, కారులోంచి చూస్తే గడ్డి మైదానంలో నేల కాస్త ఉబ్బినట్టు ఉంటుంది అంతే.