రేడియోహెడ్ లాస్‌లెస్ ఫైళ్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎంపీ3ని ఫ్లాక్‌లోకి మారిస్తే లాస్‌లెస్ అయిపోతుంది.

అవదు. ఎంపీ3 సైజు తగ్గించడానికి శబ్దంలో కొంత కోసేస్తుంది. లాస్‌లెస్ అంటే ఏమీ కోయనిది, ఫ్లాక్ అలాంటి ఫార్మాట్. కానీ నీళ్లు కలిపిన పాలను ఏ గిన్నెలో పోసినా చిక్కబడవు. ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్ అభిమానులు ఎక్కువగా నష్టపోయేది ఈ ఒక్క నమ్మకంతోనే.

వాళ్ల 'ఇన్ రెయిన్‌బోస్' ఆల్బమ్ సంగతే చూడండి. 2007 అక్టోబరు 10న, ధర మీ ఇష్టమంటూ బ్యాండ్ ఇచ్చిన డౌన్‌లోడ్ 160 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) ఎంపీ3. సీడీలో ఉన్నది 1,411 కేబీపీఎస్. ఆ ఎంపీ3లను ఫ్లాక్ చేస్తే 50 ఎంబీ ఆల్బమ్ ఐదారు రెట్లు ఉబ్బుతుంది. ఎంపీ3 తయారుచేసే ఎన్‌కోడర్ కోసేసిన శబ్దం మాత్రం రవ్వంత కూడా వెనక్కి రాదు. అసలు దెబ్బ ఆ తర్వాతే. ఫ్లాక్ ఉంది కదా అని సీడీ అమ్మేస్తారు. ఫోన్‌లో పట్టడం లేదని ఆ ఫ్లాక్‌నే మళ్లీ ఎంపీ3 చేస్తారు, దాంతో రెండోసారి కోత.

'ఫ్లాక్ టెస్ట్ పాసైంది, కాబట్టి అసలుదే' అన్న ప్రచారం వినీ వినీ విసుగొస్తోంది. ఆ టెస్ట్ ఫ్లాక్ ఎన్‌కోడర్‌కు ఏ శబ్దం ఇచ్చారో అదే బయటికి వస్తోందా అన్నది ఒక్కటే చూస్తుంది. ఇచ్చిందే ఎంపీ3 అయితే నకిలీ కూడా నిక్షేపంగా పాసవుతుంది.

తేల్చుకోవాలంటే ఫైలును స్పెక్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ దాకా శబ్దం ఉందో బొమ్మగా చూపే సాఫ్ట్‌వేర్) తెరవండి. 16-17 కిలోహెర్ట్జ్ దగ్గర స్కేలు పెట్టి కోసినట్టు పైనంతా నల్లగా ఉంటే ఎంపీ3 నుంచి వచ్చిందని గట్టిగా అనుమానించాలి. సీడీ రిప్‌లో (సీడీ నుంచి నేరుగా కంప్యూటర్‌లోకి తీసిన ఫైలు) శబ్దం 22 దాకా పాకుతుంది. పరీక్షకు 'బాడీస్నాచర్స్' లాంటి హోరు పాట తీసుకోండి. 'వీడియోటేప్' పియానో పాట, పై ఫ్రీక్వెన్సీలు సహజంగానే తక్కువ, దాన్ని చూసి తీర్పు చెప్పకండి. చేతిలో సీడీ ఉంటే ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే సాఫ్ట్‌వేర్‌లో సెక్యూర్ మోడ్‌లో రిప్ చేసి, ఇతరుల రిప్‌ల వివరాలుండే అక్యురేట్‌రిప్ డేటాబేస్‌తో సరిపోల్చి, లాగ్ ఫైలు దాచుకోండి.

అపోహ: ఫ్లాక్ లెవెల్ 8 బాగా వినిపిస్తుంది. లెవెల్ అంటే ఫైలును ఎంత గట్టిగా కుదించాలన్నది. సైజులో కాస్త తేడా, అంతే. 0 అయినా 8 అయినా శబ్దం ఒకటే.

అపోహ: లాస్‌లెస్ అయితే 'ఇన్ రెయిన్‌బోస్'లో ఆ గరుకుదనం పోతుంది. పోదు. ఆల్బమ్‌కు చివరి మెరుగులు దిద్దే మాస్టరింగ్‌లోనే లౌడ్‌నెస్ పెంచారు, సీడీలోనూ అంతే.

అపోహ: బ్లూటూత్‌లోనూ లాస్‌లెస్సే వింటున్నాం. బ్లూటూత్ వాడే కోడెక్‌లు ఎస్‌బీసీ, ఏఏసీ రెండూ దారిలో మళ్లీ కుదిస్తాయి. వైరు పెట్టండి.

ఇక 320 కేబీపీఎస్ ఎంపీ3కీ ఫ్లాక్‌కీ తేడా తెలియక 'నా చెవులు పాడయ్యాయేమో' అని బెంగపడేవాళ్లున్నారు. చాలామందికి తెలియదండీ, అది జబ్బేం కాదు. సీడీని మీరే రిప్ చేసి, ఆ ఫ్లాక్ నుంచే 320 ఎంపీ3 తయారుచేసి, ఫూబార్2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ పరీక్ష (ఏది ఏదో తెలియకుండా విని గుర్తుపట్టడం) పెట్టుకోండి. 16 సార్లకు 12 సరిపోతే తేడా నిజంగానే వినబడుతున్నట్టు. 8, 9 దగ్గర ఆగితే ఊహించి చెప్పినట్టే. అలాంటప్పుడు ఫోన్‌లో 320 పెట్టుకుని, ఫ్లాక్‌ను హార్డ్‌డిస్క్‌లో భద్రంగా ఉంచుకోండి.